బువ్వయు, మాటయు: పసిబిడ్డల దేహ మనోవికాసము

వరి నాటిన రైతునకు ఒక సంగతి చక్కగా తెలియును. నాటు పడిన తొలి వారములలో పైరునకు నీరు తప్పినచో పిలకలు వేయవు. అటుపిమ్మట కాలువ నిండ నీరు వచ్చినను, బస్తాలకొలది ఎరువు చల్లినను పోయిన పిలకలు తిరిగి రావు. పైరు పచ్చగనే కనుపించును. కోతనాడు మాత్రము గింజ తగ్గును. పసిబిడ్డల విషయమునను ఇట్టి తొలి కాలమొకటి కలదు. తల్లి కడుపున పడినది మొదలు రెండేండ్లు నిండు వరకు, అనగా ఇంచుమించు 1000 దినములు, ఆ కాలము. దాని వెనువెంట వచ్చు నాలుగేండ్లును తక్కువ విలువైనవి కావు.

పుట్టిననాడు బిడ్డ మెదడు పెద్దవాని మెదడు తూకములో సుమారు నాల్గవవంతు ఉండును. రెండేండ్లకు అది నాలుగింట మూడువంతులకు చేరును. ఆరేండ్లకు నూటికి 90 వంతులు నిండును. బిడ్డ పలకపట్టి బడికి పోవునాటికే మెదడు పెరుగుదలలో అధికభాగము ముగియుచున్నది. కావున చదువు బడిలో మొదలగునని తలచుట సరికాదు. అది ఉయ్యాలలోనే మొదలగును.

ఈ వ్యాసమున మనము రెండు మాటలను వేరుచేసి చూడవలసియున్నది. ఒకటి పెరుగుదల, రెండవది వికాసము. బిడ్డ తూకము, పొడవు, తల చుట్టుకొలత హెచ్చుట పెరుగుదల. దీనిని త్రాసుతోను, కొలబద్దతోను కొలువవచ్చును. బిడ్డ నవ్వుట, కూర్చుండుట, పిలిచినచో తిరిగి చూచుట, మాటలాడుట, అడుగుట, ఊహించుట వికాసము. దీనిని కొలుచుటకు త్రాసు లేదు; చూచుకొను కన్నులు కావలెను. మొదటిదానికి బువ్వ ఆధారము. రెండవదానికి బువ్వతోపాటు మాట, ఆట, లాలన ఆధారములు. ఒకటి రెండవదానికి బదులు కాజాలదు. ఈ వ్యాసములో మేము చెప్పదలచిన ముఖ్యవిషయము ఇదియే.

దేహము పెరుగు తీరు

నెలలు నిండి పుట్టిన ఆరోగ్యవంతుడగు శిశువు సుమారు 3 కిలోల తూకము, 50 సెంటీమీటర్ల పొడవు ఉండును. రెండున్నర కిలోలకు తగ్గి పుట్టిన బిడ్డను తక్కువ తూకపు బిడ్డగా పరిగణించి అధిక శ్రద్ధతో పెంచవలెను. బిడ్డ తూకము అయిదవ నెలకు పుట్టినప్పటికి రెట్టింపు, ఏడాదికి మూడు రెట్లు, రెండేండ్లకు నాలుగు రెట్లు కావలెను. పొడవు ఏడాదికి 75 సెంటీమీటర్లకు వచ్చును. నాలుగేండ్లకు ఒక మీటరు అగును. ఇవి ఉజ్జాయింపు లెక్కలు. ఒక్కొక్క బిడ్డ కొంచెము ముందుగనో వెనుకగనో ఉండవచ్చును. కాని ప్రతినెలయు తూచి, కార్డుపై గుర్తు పెట్టినపుడు ఆ గీత పైకి పోవుచుండవలెను. గీత అడ్డముగా నిలిచినను, క్రిందికి వాలినను అది బిడ్డ చేయు మొర. నోటితో చెప్పలేని మాటను ఆ గీత చెప్పుచున్నది.

పల్లెలలో మేము తరచుగా వినుమాట ఒకటి కలదు. అంగన్‌వాడి టీచరు బిడ్డ పొడవు కొలిచి "ఎదుగుదల తగ్గిందమ్మమ్మా" అని చెప్పగనే, నాయనమ్మ నవ్వి "వాడి నాన్న కూడా పొట్టోడేలే తల్లీ, మా వంశమే అంత" అని తీసివేయును. వంశమునుబట్టి పొడవు కొంత మారుట నిజమే. కాని పసివయస్సున వంశము చూపు ప్రభావముకంటె తిండియు, జబ్బులును చూపు ప్రభావము మిక్కిలి హెచ్చు. ప్రపంచ ఆరోగ్యసంస్థ బ్రెజిల్, ఘనా, భారతదేశము, నార్వే, ఒమాన్, అమెరికా దేశములలో, తల్లిపాలు త్రాగి మంచి పోషణ పొందిన పిల్లలను కొలిపించి 2006వ సంవత్సరమున ఫలితములను ప్రకటించినది. మన దేశము పక్షమున ఢిల్లీ నగరపు పిల్లలను కొలిచిరి. అయిదేండ్లలోపు ఈ ఆరు దేశముల పిల్లలును దాదాపు ఒకే తీరున పెరిగిరి. తగిన పోషణ దొరకినచో మన బిడ్డయు నార్వే బిడ్డవలెనే పెరుగునని తేలినది. పొట్టితనమునకు వంశముపై నెపము వేయుటకు ముందు మన గిన్నెలోనికి ఒకసారి చూచుకొనుట మంచిది.

2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, అయిదేండ్లలోపు పిల్లలలో వయస్సుకు తగిన పొడవు లేనివారు ఆంధ్రప్రదేశములో నూటికి 31 మంది, తెలంగాణలో 33 మంది, దేశము మొత్తము మీద 35 మంది అని లెక్క తేలినది. అనగా మన వీధిలో ఆడుకొను ముగ్గురు పిల్లలలో ఒకరు. వీరు బక్కచిక్కి మంచమెక్కినవారు కారు. పరుగెత్తుదురు, ఆడుదురు, నవ్వుదురు. అందుచేతనే వీరి లోటు ఇంటివారి కంటికి ఆనదు. నాలుగేండ్ల బిడ్డ మూడేండ్లవానివలె కనుపించినను పక్కన పోల్చిచూచువారు లేకున్నచో అది ఎవరికిని తెలియదు. కావున నెలనెల తూకము, కొలత అక్కరలేని తంతులు కావు.

మనస్సు వికసించు తీరు

దేహమువలెనే మనస్సును ఒక వరుసను అనుసరించి వికసించును. పునాదిలేక గోడ లేవనట్లు, మెడ నిలువక నడుము నిలువదు. నడుము నిలువక కాలు నిలువదు. వరుస అందరికిని ఒక్కటే. వేగము మాత్రము బిడ్డబిడ్డకు మారును.

రెండు నెలలు నిండునప్పటికి బిడ్డ తల్లి ముఖమును చూచి నవ్వును. ఇది నిదురలో వచ్చు నవ్వు కాదు. మనిషిని గుర్తించి ఇచ్చు తొలి జవాబు. మూడు నాలుగు నెలలకు మెడ నిలుచును. అయిదు నెలలకు బోర్లపడును. చేతికందిన వస్తువును పట్టుకొని నోటిలో పెట్టుకొనును. ఆరు నెలలకు ఆసరాతో కూర్చుండును. బ-బ, మ-మ అని శబ్దములను కూర్చును. ఏడెనిమిది నెలలకు ఆసరా లేక కూర్చుండును. ఈ వయస్సులోనే కొత్తవారిని చూచి ఏడ్చును. తల్లి కొంగు విడువదు. "మా వాడికి దిష్టి తగిలింది, అందరి దగ్గరికీ పోయేవాడు, ఇప్పుడు ఎవరినీ ముట్టనివ్వడు" అని తల్లులు కలవరపడుదురు. కలవరపడవలసినది లేదు. తనవారెవరో, పైవారెవరో బిడ్డ మనస్సు వేరుచేయ నేర్చినదనుటకు అది గుర్తు.

దోబూచులాటలో ఎంత చదువున్నదో మనము ఆలోచింపము. తల్లి ముఖమునకు కొంగు అడ్డము పెట్టుకొని మరల తీసినపుడు బిడ్డ కిలకిల నవ్వును. కన్నులకు కనుపించనిది లేనట్లు కాదు, ఉండియే దాగియున్నదని బిడ్డ ఆ ఆటలో నేర్చుకొనుచున్నాడు. మంచము క్రింద పడిన బొమ్మకొరకు వెదకుట ఆ పాఠమునకు ఫలము. తొమ్మిది, పది నెలలకు బొటనవ్రేలు, చూపుడువ్రేలు కలిపి మరమరాల గింజను ఏరగలుగును. రేపు పలకపై బలపము పట్టవలసిన వ్రేళ్లు ఇవియే.

ఏడాదికి ఒకటి రెండు అర్థవంతమగు మాటలు వచ్చును. నడక కొందరికి తొమ్మిదవ నెలలోనే వచ్చును, కొందరికి ఏడాదిన్నర పట్టును, రెండును సహజమే. రెండేండ్లకు "అమ్మా, పాలు", "తాత వచ్చాడు" అని రెండు మాటలు కలుపును. మూడేండ్లకు చిన్న వాక్యములు, అంతులేని ప్రశ్నలు వచ్చును. "ఇదేంటి? అదెందుకు?" అను ప్రశ్నలకు విసుగుకొనరాదు. ప్రశ్నకు జవాబు దొరకిన బిడ్డ మరియొక ప్రశ్న అడుగును. కసురు దొరకిన బిడ్డ అడుగుట మానుకొనును.

అరువది గ్రామముల సాక్ష్యము

బువ్వ, మాట, రెండును కావలెనని పైన చెప్పితిమి. ఇది మన గ్రామములలోనే పరీక్షింపబడిన విషయము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశములో 60 గ్రామములను ఎన్నుకొని, ఒక్కొక్క జట్టునకు ఇరువది చొప్పున మూడు జట్లుగా విభజించిరి. జట్టునకు 200 మంది తల్లులు, వారి చంటిబిడ్డలు. మొదటి జట్టునకు అంగన్‌వాడి ద్వారా మామూలుగా అందు సేవలే అందినవి. రెండవ జట్టులోని తల్లులకు, శిక్షణ పొందిన గ్రామమహిళలు ఇంటికి వచ్చి, బిడ్డకు ఏమి పెట్టవలెనో, ఎంత పెట్టవలెనో నేర్పిరి. మూడవ జట్టులో దీనితోపాటు బిడ్డ సంజ్ఞలను గమనించి తినిపించుట, మాటలాడుట, ఆడించుట కూడ నేర్పిరి. బిడ్డలకు మూడవ నెల నిండినప్పటినుండి పండ్రెండు నెలలపాటు ఈ ప్రయత్నము సాగినది. ఫలితములు 2013వ సంవత్సరమున ప్రకటింపబడినవి.

ఆ ఫలితములు ఆలోచింపదగినవి. రెండవ, మూడవ జట్ల బిడ్డలు మొదటి జట్టుకంటె మేలైన ఆహారము తినిరి. తిండి గురించి మాత్రమే నేర్చిన రెండవ జట్టులో పొడవు పెరుగుటలో మేలు కనబడినది. కాని మనోవికాస పరీక్షలలో తేడా కనబడలేదు. మాట, ఆట కూడ నేర్చిన మూడవ జట్టులో మనోవికాసము మెరుగైనది; పొడవులో మాత్రము స్పష్టమగు తేడా రాలేదు. కడుపు నిండినంత మాత్రమున మనస్సు వికసింపదనియు, ఆటలాడించినంత మాత్రమున ఎముక పెరుగదనియు ఈ అరువది గ్రామములు మనకు చెప్పుచున్నవి.

సముద్రములకు ఆవల, జమైకా ద్వీపములోని కింగ్‌స్టన్ నగరపు పేదవాడలలో ఇటువంటి ప్రయత్నమే అంతకుముందు జరిగినది. పొడవు పెరుగక వెనుకబడిన 129 మంది పిల్లలను తీసికొని, కొందరికి వారమునకు ఒక కిలో పాలపొడి ఆహారము ఇచ్చిరి. కొందరి ఇండ్లకు ఆరోగ్య కార్యకర్తలు వారమునకొక గంటసేపు వెళ్లి, పారవేయు వస్తువులతో చేసిన బొమ్మలతో తల్లిచేతనే బిడ్డను ఆడింపజేసిరి. కొందరికి ఈ రెండును అందినవి. మిగిలినవారికి ఏదియు అందలేదు. రెండేండ్లపాటు ఇట్లు జరిగినది. 1991వ సంవత్సరమున ప్రకటించిన ఫలితములలో, రెండును పొందిన పిల్లలే అందరికంటె ముందుండిరి. తరువాత ఇరువది యేండ్లకు మరల విచారింపగా, పసితనమున ఆటపాటలు దొరకినవారి సంపాదన, అవి దొరకనివారి సంపాదనకంటె నూటికి 25 వంతులు హెచ్చుగా ఉన్నట్లు 2014వ సంవత్సరమున తేలినది. వారికి ఇచ్చినది ఖరీదైన సామాను కాదు. డబ్బాలు, గుడ్డపేలికలు, వారమునకు ఒక గంట, ఒక తల్లి శ్రద్ధ.

గిన్నెలో ఏమి ఉండవలెను?

బిడ్డ పుట్టిన గంటలోపల తల్లి ముర్రుపాలు పట్టవలెను. తేనె, ఆముదము, పంచదార నీళ్లు నాకించు అలవాటు కొన్ని చోట్ల ఇంకను కలదు. అది మానవలెను. ఏడాదిలోపు బిడ్డకు తేనె ప్రమాదకరము కూడ. ఆరు నెలలు నిండు వరకు తల్లిపాలు తప్ప మంచినీరైనను అక్కరలేదు. వేసవిలోను అంతే.

ఆరు నెలలు నిండిన పిమ్మట తల్లిపాలు మాత్రమే చాలవు. అన్నప్రాశనమునకు మన పెద్దలు ఆరవ నెల నిర్ణయించుట ఎంతో అనుభవముతో కూడిన ఏర్పాటు. చిక్కు ఎక్కడ వచ్చుచున్నదనగా, ముహూర్తమునాడు ఒక మెతుకు నాకించి, ఆ తరువాత ఏడాది వరకు పాలతోను, బిస్కట్టు ముక్కలతోను గడుపుటలో వచ్చుచున్నది. వేడుక జరిగినది, భోజనము మొదలు కాలేదు. 6 నుండి 23 నెలల వయస్సుగల పిల్లలలో చాలినంత, తగినంత ఆహారము దొరకుచున్నవారు మన దేశమున నూటికి 11 మందియేనని పైన చెప్పిన సర్వేయే వెల్లడించినది. ఇది పేదయిండ్ల లోటు మాత్రమే కాదు. పాడియు పంటయు గల ఇండ్లలోను పసిబిడ్డకు పలుచని చారు మెతుకులు పెట్టుట చూచుచున్నాము.

మెత్తగా ఉడికించిన అన్నము, పప్పు కలిపి మెదిపి, ఒక చెంచాడు నేయియో నూనెయో వేసి పెట్టవలెను. ముద్ద చెంచాలో నిలువవలెను. జారిపోవునంత పలుచన కారాదు. మొదట రెండు మూడు చెంచాలతో ఆరంభించి, ఎనిమిదవ నెల నిండునప్పటికి పూటకు అరగిన్నె వరకు హెచ్చింపవలెను. ఏడాది దాటిన బిడ్డకు ముప్పాతిక గిన్నెనుండి నిండు గిన్నె వరకు కావలెను. గిన్నె యనగా పావులీటరు పట్టునది. ఆరు నుండి ఎనిమిది నెలల వరకు దినమునకు రెండు మూడు పూటలు, ఆపైన మూడు నాలుగు పూటలు, నడుమ ఒకటి రెండుసార్లు అరటిపండు వంటి చిరుతిండి పెట్టవలెను. తల్లిపాలు రెండేండ్లు, ఆపైనను ఇయ్యవచ్చును. ఆకుకూర, గ్రుడ్డు, పెరుగు, పండు, తినువారి ఇండ్లలో చేప, వంతులవారీగా గిన్నెలోనికి రావలెను. ఇనుము తగ్గిన బిడ్డకు రక్తము తగ్గును. చురుకుదనము, మనస్సు నిలుపు శక్తియు తగ్గును. తేనీరు ఆ ఇనుమును ఒంటికి పట్టనీయదు. కావున టీలో ముంచిన బిస్కట్టు పసిబిడ్డకు ఆహారము కాదు. ఇంటిల్లిపాదికి వాడు ఉప్పు అయొడిను కలిసినదై యుండవలెను.

విరేచనములు పట్టుకొన్నపుడు తిండి మాన్పించుట మరియొక తప్పు అలవాటు. ఓ.ఆర్.ఎస్. నీరు త్రాగించుచు, ఆరోగ్య కార్యకర్త ఇచ్చు జింకు బిళ్లలు 14 దినములు వాడుచు, తిండియు, తల్లిపాలును సాగింపవలెను. జబ్బు తగ్గిన పిమ్మట కొన్నాళ్లు ఒకపూట అదనముగా పెట్టవలెను.

ఎట్లు తినిపింపవలెను?

వెన్నెలలో బిడ్డను చంకనెత్తుకొని, చందమామను చూపుచు గోరుముద్దలు తినిపించుట మన తెలుగు ఇండ్లలో అనాదిగా వచ్చుచున్న ఆచారము. శాస్త్రజ్ఞులు మూడవ జట్టు తల్లులకు నేర్పినది ఇంచుమించు ఇదియే. బిడ్డ ముఖమును చూచుట, నోరు తెరచువరకు ఆగుట, మాటలాడుచు పెట్టుట, చాలునని తల త్రిప్పినపుడు బలవంతపెట్టకుండుట. ముక్కు మూసి మ్రింగించుటయు, కాళ్లపై పండబెట్టి గొంతులో పోయుటయు ప్రమాదకరములు. అన్నమనగనే బిడ్డకు భయము కలుగును.

ఇప్పుడు చందమామ స్థానమును సెల్‌ఫోను ఆక్రమించినది. బొమ్మలు చూచుచు నోరు తెరచు బిడ్డకు తానేమి తినుచున్నాడో, ఎంత తిన్నాడో తెలియదు. ఫోను మాటలాడును గాని బిడ్డ మాటకు జవాబు చెప్పదు. రెండేండ్లలోపు పిల్లలకు తెర చూపుట తగదనియు, రెండు నుండి నాలుగేండ్ల వారికి దినమునకు ఒక గంటకు మించరాదనియు ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019వ సంవత్సరమున సలహా ఇచ్చినది.

"పొద్దున పోయి సాయంత్రం వచ్చే కూలిదాన్ని, ఆడించే తీరిక నాకెక్కడిది?" అని ఒక తల్లి అడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనది. దానికి మా సమాధానము ఇది. ప్రత్యేకముగా తీరిక చేసికొనవలసిన పనిలేదు. ఎట్లును చేయవలసిన మూడు పనులు కలవు: స్నానము, భోజనము, నిదుర. నలుగు పెట్టి నీళ్లు పోయునపుడు "ఇది చెయ్యి, ఇది కాలు, ఇది బొజ్జ" అని చెప్పవచ్చును. అయితే ముక్కులోను, చెవులలోను నూనె పోయరాదు. తినిపించునపుడు పప్పు, పెరుగు అని పేర్లు చెప్పవచ్చును. నిదురపుచ్చునపుడు జోలపాటయో, చిన్నకథయో చెప్పవచ్చును. ఖర్చు లేదు, పనికి ఆటంకము లేదు. తల్లి పొలము పోయినపుడు ఇంటనుండు నాయనమ్మ, తాతయ్య, మేనత్త ఈ పనికి పూర్తిగా తగినవారు. తండ్రియు దీనికి అర్హుడే. బిడ్డను ఎత్తుకొనుట మగవానికి చిన్నతనమను తలంపు మన గ్రామములనుండి తొలగిపోవలెను. ఆడపిల్లకు ఒక గరిటె తక్కువ, ఒక మాట తక్కువ అను పాడు అలవాటును దానితోపాటే పోవలెను. పసిబిడ్డ పెంపకమును ఎనిమిదేండ్ల అక్కకు అప్పగించినచో ఇద్దరు బిడ్డలకు నష్టము. చిన్నదానికి తగిన పోషణ లేదు. పెద్దదానికి బడి లేదు.

మొండితనము, అసూయ, భయము

రెండేండ్ల బిడ్డ ప్రతిదానికి "వద్దు" అనును, నేలబడి పొర్లును. ఇది చెడ్డబుద్ధి కాదు. తానొక వేరు మనిషినని తెలిసికొన్నాడు, తన కోరికను మాటలలో చెప్పుటకు మాత్రము భాష చాలదు. అట్టి వేళ కొట్టినచో ఏడ్పు ఆగవచ్చును; నేర్చినది మాత్రము బలవంతుడు కొట్టవచ్చునను పాఠమే. గట్టిగా పట్టుకొని ఊరడించుట, దృష్టి మరలించుట, ఏడ్చినందుకు బహుమానముగా మిఠాయి ఇయ్యకుండుట మేలైన పద్ధతి.

తమ్ముడో చెల్లెలో పుట్టగనే పెద్దబిడ్డ మరల పక్క తడుపుట, చంటిపాపను గిల్లుట కనుపించును. తనకు చెందిన తల్లి ఒడి పోయినదను దిగులే దానికి కారణము. దినమునకు కొంతసేపు ఆ బిడ్డను మాత్రమే దగ్గరకు తీసికొన్నచో అది తగ్గును. "బూచాడు వస్తాడు", "పోలీసుకు పట్టిస్తా", "సూదిమందు వేయిస్తా" అని బెదరించుట మంచిది కాదు. రేపు నిజముగా టీకా వేయించవలసినపుడు, దారితప్పి పోలీసు సహాయము కోరవలసినపుడు ఆ భయము బిడ్డకు శత్రువగును.

మూడు నుండి ఆరేండ్ల వరకు ఆటయే చదువు. గుజ్జనగూళ్లు వండుట, చీపురుపుల్లలు లెక్కించుట, మట్టితో ఎద్దులు చేయుట, చింతగింజలను రంగునుబట్టి వేరుచేయుట, దాగుడుమూతలు, కథ విని తిరిగి చెప్పుట, ఇవన్నియు లెక్కలకు, భాషకు, ఓర్పునకు పునాదులు. 1939వ సంవత్సరమున మదరాసు అడయారుకు వచ్చి మన ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చిన మరియా మాంటిసోరి, బిడ్డ చేతులతో పనిచేయుచు నేర్చునను సూత్రముపైననే తన పద్ధతిని నిర్మించినది. మూడేండ్ల బిడ్డచేత అక్షరములు నూరుసార్లు దిద్దించుట కంటె ఈ పనులు ఎక్కువ ఫలము ఇచ్చును.

ఎప్పుడు ఆలస్యము చేయరాదు?

బిడ్డబిడ్డకు వేగము మారునని చెప్పితిమి. ఐనను కొన్ని హద్దులు కలవు. మూడు నెలలు నిండినను ముఖము చూచి నవ్వకున్నను, అయిదు నెలలకు మెడ నిలువకున్నను, తొమ్మిది నెలలకు ఆసరా లేక కూర్చుండకున్నను, ఏడాదిన్నరకు నడువకున్నను, ఒక్క మాటయైన రాకున్నను, రెండేండ్లకు రెండు మాటలు కలుపకున్నను, ఏ వయస్సునైనను వచ్చిన మాటయో నడకయో వెనుకకు పోయినను వెంటనే వైద్యునికి చూపవలెను.

ముఖ్యముగా చెవుల సంగతి చెప్పవలెను. చప్పుడునకు ఉలికిపడని, వెనుకనుండి పిలిచినచో తిరుగని బిడ్డకు చెవుడు ఉండవచ్చును. "వాడి మేనమామకు కూడా నాలుగేళ్లకు గాని మాటలు రాలేదు" అని ఇంటిలోనివారు ఊరటపడుదురు. ఆ నాలుగేండ్లు శబ్దము వినని మెదడు, తరువాత యంత్రము పెట్టినను భాషను పట్టుకొనుటకు మిక్కిలి కష్టపడును. ఏడాదిలోపే గుర్తించినచో వినికిడి యంత్రముతోను, శిక్షణతోను ఆ బిడ్డ తోటివారితో పాటు మాటలాడ నేర్చుటకు మంచి అవకాశము కలదు. ఊరట కొరకు చెప్పుకొన్న ఒక మాట బిడ్డ జీవితకాలపు మాటను హరింపగలదు.

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము 2013వ సంవత్సరమున మొదలైనది. పుట్టినది మొదలు 18 ఏండ్ల వరకు గల పిల్లలను దీని క్రింద పరీక్షింతురు. వైద్యబృందములు అంగన్‌వాడి కేంద్రములకు ఏడాదికి రెండుసార్లు వచ్చును. లోపము కనబడిన పిల్లలను జిల్లాలోని సత్వర చికిత్సా కేంద్రమునకు పంపుదురు. బృందము వచ్చునాడు బిడ్డను తప్పక తీసికొని పోవుట తల్లిదండ్రుల విధి.

మన ఊరి అంగన్‌వాడి

సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకము 1975వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన దేశములో 33 ప్రాంతములలో ఆరంభమై, నేడు దేశమంతటను వ్యాపించినది. తూకము వేయుట, పొడవు కొలుచుట, టీకాలకు పిలుచుట, ఆరు నెలలు దాటిన పసిబిడ్డలకు బాలామృతమను పిండిని ఇంటికిచ్చుట, మూడు నుండి ఆరేండ్ల పిల్లలకు వండిన భోజనముతోపాటు ఆటపాటల చదువు చెప్పుట అచ్చటి పనులు. బాలామృతము ఆ ఒక్క బిడ్డ కొరకే ఇచ్చునది. ఇంటిల్లిపాదియు పంచుకొన్నచో బిడ్డకు చేరునది స్వల్పము.

బిడ్డ జబ్బ చుట్టుకొలతను కొలుచుటకు టీచరు వద్ద రంగులపట్టీ యుండును. ఆరు నెలలు మొదలు అయిదేండ్ల వరకు అది పండ్రెండున్నర సెంటీమీటర్లకు తగ్గినచో పోషణ లోపించినదని అర్థము. పదకొండున్నరకు తగ్గినచో ప్రాణాపాయ స్థితి. అట్టి బిడ్డను అదేదినమున ఆసుపత్రికి తీసికొని పోవలెను.

గ్రామస్థులారా! అంగన్‌వాడి భోజనము కొరకే పంపు చోటు కాదు. టీచరును మన బిడ్డ గీత ఎట్లున్నదని అడుగుడు. గ్రామసభలో కేంద్రపు త్రాసు సరిగా నున్నదా, నీరున్నదా, మరుగుదొడ్డి యున్నదా యని విచారింపుడు. వచ్చే నెల తూకపు దినమున తల్లితోపాటు తండ్రియు రావలెను. నాయనమ్మయు రావలెను. కార్డు చూచి ఇంటికి వచ్చిన పిమ్మట, ఆ రాత్రి బిడ్డకు ఒక ముద్ద అదనముగా పెట్టుడు. ఆ ముద్దతోపాటు రెండు మాటలు చెప్పుడు. బిడ్డ మరల ఏదో శబ్దము చేయును. దానికి జవాబు చెప్పుడు. ఇంతకుమించిన బోధన ఆ వయస్సున లేదు.